మొలతాడు చెప్పిన అంకె

వరహాలమ్మది మెరూన్ బొట్టు. మిషను కుట్టే ఫాతిమాది ఆకుపచ్చ. డిగ్రీ కాలేజీ అమ్మాయిలు అయిదుగురికీ కలిపి ఒకటే నల్లబొట్టు, ఎందుకంటే వాళ్ళలో ఏ రోజు ఎవరొస్తారో వాళ్ళకే తెలీదు. గోడ క్యాలెండర్లో ఏ పూట ఎవరొస్తే ఆ గడిలో వాళ్ళ రంగు స్టిక్కర్ బొట్టు అంటించడం, రాలేనని ఫోన్ చేస్తే గోటితో పీకేసి ఇంకొకరిది అంటించడం. 'పొత్తిళ్ళు' సంస్థలో వాలంటీర్ల ఏర్పాటంతా రెండేళ్ళుగా ఇలాగే నడుస్తోంది. నడిపేది సత్యవేణి.

భీమవరం శివార్లలో రొయ్యల ఫ్యాక్టరీల వెనక ఉంటుంది పొత్తిళ్ళు. పొద్దున్న ఏడింటికి తల్లులు పిల్లల్ని అప్పగించి, రబ్బరు బూట్లు తొడుక్కుని రొయ్యలు ఒలవడానికి వెళ్ళిపోతారు. సాయంత్రం నాలుగున్నరకి మంచుకి మొద్దుబారిన వేళ్ళతో తిరిగొస్తారు. ఈలోగా ఇరవై ఆరుగురు పసిపిల్లల్ని ఎత్తుకోవడానికి, జోకొట్టడానికి ఊళ్ళోంచి వంతులవారీగా ఆడవాళ్ళు వస్తారు. ఎవరి ఓపిక వాళ్ళది, ఎవరి తీరిక వాళ్ళది.

ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయిన సత్యవేణికి అక్కడ బల్ల, కుర్చీ, ఫోను ఇచ్చారు. తొమ్మిది నెలల కూతురు మోక్షితని లోపలి హాల్లో మిగతా పిల్లలతో పాటే వదిలి, తను వరండాలో కూర్చుని వచ్చేవాళ్ళనీ రానివాళ్ళనీ చూసుకుంటుంది. లోపల ఏ పిల్ల ఏడ్చినా ముందు తన పిల్లే అనుకుంటుంది. లేచి వెళ్ళి చూస్తుంది. కాదు. మళ్ళీ వచ్చి కూర్చుంటుంది.

సాయంత్రం బిడ్డని తిరిగి చేతికిచ్చేటప్పుడు వరహాలమ్మ రోజూ ఒక మాట అనేది. "నీకోసం ఒకటే ఏడుపు తల్లే. నా దగ్గర క్షణం ఉంటేనా." ఆ మాట ఆవిడ ప్రతి తల్లితోనూ అంటుందని సత్యవేణికి తెలుసు. ఫాతిమా కూడా అంటుంది. అయినా తన విషయంలో మాత్రం అది నిజమేనని నమ్మేది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటిదాకా నడిచేది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం కూలర్ తడికి క్యాలెండర్ మీది బొట్లన్నీ జిగురు వదిలి కింద రాలిపోయాయి. మర్నాడు పొద్దున్న పదకొండు మంది రావలసిన చోట ముగ్గురొచ్చారు, సాయంత్రం ముగ్గురు చాలనుకుంటే పద్నాలుగు మంది వచ్చి కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సంస్థ కార్యదర్శి విజయభారతిగారు నేలమీద పడ్డ ఒక బొట్టు తీసి తన నుదుటనే పెట్టుకుని, "ఇక చాలమ్మా. దీనికి సాఫ్ట్‌వేర్లు ఉంటాయిట. మూడు రకాలు తెప్పిస్తాను. రెండేసి వారాలు వాడి చూడు. ఏది కావాలో నువ్వే చెప్పు," అంది.

"నేనా మేడమ్‌గారూ? నాకేం తెలుసు?"

"వాడేది నువ్వేగా. వచ్చే నెల పద్దెనిమిదో తారీకు కమిటీకి చెప్పెయ్."

మొదటిది ఉట్టి క్యాలెండరే, గోడ మీది నుంచి ఫోన్లోకి వచ్చిందంతే. రెండోది ఎక్కువసార్లు వచ్చినవాళ్ళకి నక్షత్రాలు ఇచ్చేది. వరహాలమ్మకి మూడు రోజుల్లో నాలుగొచ్చాయి. ఆవిడ ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. "ఈ చుక్కలు నేనేం చేసుకోవాలే? మా డిపోలో కప్పిన శాలువాలే బీరువాలో చిమటలు కొట్టేత్తన్నాయి," అని కొట్టిపారేసింది.

మూడోదాని పేరు 'జత'. దాన్ని తయారుచేసిన ప్రణతి విశాఖపట్నం నుంచి స్వయంగా వచ్చింది. సత్యవేణి వయసే ఉంటుంది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుని, నడుముకి బ్యాగు తగిలించుకుని, ఎవరూ కూర్చోమనకుండానే తను కూర్చుంది. బ్యాగులోంచి నల్లటి మొలతాళ్ళ కట్ట తీసింది.

"పిల్లలకి చేతికి కడితే నోట్లో పెట్టుకుంటున్నారండి. కాలికి కడితే లాగేస్తున్నారు. మొలకైతే ఎలాగూ తాడు ఉండేదే కదా," అంది నవ్వుతూ.

తాడుకి ఆవగింజ కన్నా కొంచెం పెద్ద పూస ఉంది. వాలంటీర్ల చేతికి రబ్బరు పట్టీ. ప్రణతి చుట్టూ చూసి దగ్గర్లో దొరికిన పిల్లకి, అంటే మోక్షితకే, తాడు కట్టింది. వరహాలమ్మ చేతికి పట్టీ తొడిగి ఎత్తుకోమంది.

వరహాలమ్మ కూర్చుని ఎత్తుకోదు. ముప్ఫై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడ్డ కాళ్ళు. బిడ్డని భుజానేసుకుని ఎడమ కాలి మీంచి కుడి కాలి మీదకి, కుడి మీంచి ఎడమ మీదకి ఊగుతూ నిలబడుతుంది, గోతుల రోడ్డు మీద వెళ్తున్నట్టు. తెర మీద అంకె కదిలింది. నలభై. యాభై ఎనిమిది. డెబ్భై అయిదు. మోక్షిత కళ్ళు వాలాయి. తొంభై ఒకటి దగ్గర ఆగింది.

"పాప ఊపిరి, ఎత్తుకున్నవాళ్ళ ఊపిరి, రెండు గుండెలూ ఒకదానికొకటి ఒదిగితే ఈ అంకె పెరుగుతుంది. మేం దీన్ని ఒదుగు అంటాం. ఏ బిడ్డ ఎవరి దగ్గర ఎక్కువ ఒదిగితే వాళ్ళనే ఆ బిడ్డకి వేస్తుంది. మీరు రాయక్కర్లేదు, అడగక్కర్లేదు," అంది ప్రణతి. "అమ్మగారెవరు? మీరా? ఒకసారి ఎత్తుకోండి."

సత్యవేణి చేయి చీరకి తుడుచుకుని పట్టీ తొడుక్కుంది. నూటికి దగ్గరగా వస్తుందనడంలో ఆమెకి అనుమానమే లేదు. పిల్లని అందుకుంది. మోక్షిత కళ్ళు తెరిచింది.

అంకె జారింది. అరవై. నలభై తొమ్మిది. ముప్ఫై ఎనిమిది.

"కొంచెం కంగారుపడుతున్నారు, అంతేనండి. తగ్గుతుంది," అంది ప్రణతి. తగ్గేది కంగారో అంకో చెప్పలేదు.

సత్యవేణి మొహాన నవ్వు అలాగే అతుక్కుపోయింది. కాసేపయ్యాక వరహాలమ్మని పక్కకి పిలిచింది.

"రోజూ ఏడుస్తుందన్నారుగా పిన్నీ, నాకోసం."

వరహాలమ్మ పైట సర్దుకుంది. "అందరికీ చెప్పే మాటేగదే."

"అంటే ఏడవదా?"

"ఏడవకపోతే మంచిదేగా పిచ్చిదానా. పడుకుంటది. శుభ్రంగా పడుకుంటది."

ఆ సాయంత్రం సత్యవేణి ఆ 'శుభ్రంగా' అన్న మాట పట్టుకుని ఇంటిదాకా నడిచింది.

ఇంటికెళ్ళాక మంచం మీద కూతుర్ని పక్కన వేసుకుని ఆ పొట్ట ఎగసిపడడం చూస్తూ కూర్చుంది. భర్త గణపతి ఐసు లారీ తోలి అప్పుడే వచ్చాడు. "ఏంటే, పిల్లకి జ్వరమా?" అన్నాడు.

"బావా, ఇది నా దగ్గర హాయిగా ఉండదంట."

"ఎవరన్నారు?"

"మొలతాడు."

గణపతి నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి ఆపేశాడు. "నా దగ్గరైతే అసలే ఉండదు. దానికి నేనేమన్నా బాధపడ్డానా?" అన్నాడు. ఆయనకి ఓదార్పంటే అదే.

మర్నాటి నుంచి పిల్లలందరికీ తాళ్ళు, అందరి చేతులకీ పట్టీలు. వరండాలో సత్యవేణి బల్ల ఎదురుగానే తెర పెట్టారు. జత చెప్పినట్టే వాలంటీర్లు పిల్లల్ని ఎత్తుకుంటున్నారు. నిజం చెప్పాలంటే హాల్లో ఏడుపులు సగానికి తగ్గాయి. కాలేజీ అమ్మాయిలు కూడా మాట ప్రకారం రావడం మొదలెట్టారు, తమ ఒళ్ళో ఎవరు ఒదుగుతారో చూసుకోవాలని. మోక్షిత పేరు పక్కన ప్రతిరోజూ వరహాలమ్మ పేరే. తొంభై, తొంభై రెండు, తొంభై ఒకటి. బిడ్డకి పాలు ఇవ్వడానికి వెళ్ళినప్పుడల్లా కింద ఇంకో గీత. సత్యవేణి, ముప్ఫై అయిదు. సత్యవేణి, ముప్ఫై ఆరు. ఊపిరి బిగబట్టి చూసింది. ముప్ఫై ఒకటికి పడిపోయింది.

వరహాలమ్మ ఊగడం చూస్తే ఒళ్ళు మండేది. ఒకరోజు తలుపు వెనక నిలబడి తనూ అలా ఊగి చూసింది. ఫాతిమా చూసి, "నడుం నొప్పా సత్యా?" అని అడిగింది.

వరహాలమ్మ భుజం మీద తన కూతురి చొల్లు మరక కూడా ఆమెకి కనబడేది. ఆవిడ ఆ మరకతోనే ఇంటికి వెళ్ళిపోయేది. తుడుచుకోవచ్చు కదా అనుకునేది సత్యవేణి. ఎవరికి చూపించుకోడానికి?

శుక్రవారం పిల్లలకి తలంట్లు. ఆ వేళ సత్యవేణి తనే మోక్షితకి పోసింది. ఈ పూసల తాడు తీసి పారేద్దామనుకుంది. కానీ తీసేస్తే తెరమీద మోక్షిత గడి ఖాళీగా కనిపిస్తుంది, ఏమైందని అందరూ అడుగుతారు. పైగా ఆడపిల్ల మొల బోసిగా ఉంచకూడదు. కొత్తది కట్టాకే పాతది విప్పాలని వాళ్ళమ్మ నేర్పింది. పక్కనే హన్విక ఉంది. రొయ్యలు ఒలిచే నాగదుర్గ కూతురు, అయిదు నెలల పిల్ల. దానికీ నీళ్ళు పోయడం అయింది. రెండు తాళ్ళూ ఒకటే నలుపు, పూసలూ ఒకటే.

ముందు ఇద్దరికీ మామూలు నూలుతాళ్ళు కట్టింది. తరవాత పూసల తాళ్ళు విప్పింది. దీనిది దానికి, దానిది దీనికి కట్టింది. ఆ తరవాత నూలుతాళ్ళు కత్తిరించేసింది. పద్ధతి ప్రకారమే చేసింది, ఏ ఒక్క క్షణమూ ఏ బిడ్డ మొలా ఖాళీగా లేదు.

రెండు రోజుల్లో ఆమె అనుకున్నదే అయింది. వరహాలమ్మ ఎత్తుకుంటున్నది మోక్షితనే అయినా జత దృష్టిలో అది హన్విక. హన్విక వరహాలమ్మకి బాగా ఒదుగుతోందని లెక్క వేసి, ఆవిడని హన్విక ఉయ్యాల దగ్గరికి పంపేసింది. "నన్ను ట్రాన్సఫర్ చేసేరే," అని వరహాలమ్మ మోక్షిత బుగ్గ పుణికి, పక్క ఉయ్యాలకి వెళ్ళింది. సత్యవేణి తలెత్తలేదు.

ఆమె అనుకోనిది ఇంకొకటి జరిగింది. ఆ మధ్యాహ్నం చేతులు చాలక, ఏడుస్తున్న హన్వికని సత్యవేణి ఎత్తుకుంది. ఏమీ అనుకోకుండా, ఫోన్ మాట్లాడుతూనే, ఒక చేత్తో. ఫోన్ పెట్టేసి చూస్తే పిల్ల నిద్రపోయింది. తెరమీద మోక్షిత, సత్యవేణి. ఎనభై తొమ్మిది.

ఆమె పిల్లని ఉయ్యాల్లో వేసి వచ్చేసరికి ఫాతిమా తెర చూసి అందర్నీ పిలిచింది. "ఇలా రండి, అమ్మకే ఒదిగింది చూడండి." వరహాలమ్మ వచ్చి కళ్ళజోడు పైకి నెట్టి చదివింది. "నే చెప్పలా తల్లే? కాస్త నెమ్మదిత్తే అదే వత్తదని."

సత్యవేణికి ఆ అంకె తనది కాదని తెలుసు. అయినా ఫోన్‌తో ఫొటో తీసి గణపతికి పంపింది. ఆయన చెయ్యెత్తి దణ్ణం పెడుతున్న బొమ్మ పంపాడు. ఆ రోజంతా ఆమె ఒళ్ళు తేలికగా ఉంది.

ఆ మర్నాడు తీరిక చూసుకుని హన్వికనే ఎత్తుకుంది. ఆ పై రోజూ అంతే. తొంభై. తొంభై మూడు. లోపల హాల్లో ఎవరో పిల్ల ఏడుస్తుంటే, ఈసారి తన కూతురేనని గొంతు గుర్తుపట్టి కూడా, ఇంకొక్క నిమిషం, తొంభై నాలుగు చూసి లేద్దామని కూర్చుంది.

నాలుగో రోజు, పద్నాలుగో తారీకు, పదకొండు గంటల వేళ తెర ఎర్రబడింది. 'మోక్షిత. ఊపిరి వేగం. వెంటనే చూడండి.'

సత్యవేణి కుర్చీ తన్నుకుని పరిగెత్తింది. అందరూ మోక్షిత ఉయ్యాల చుట్టూ మూగారు. బట్టలు విప్పారు. ఫాతిమా థర్మామీటరు పెట్టింది. జ్వరం లేదు. ముక్కు తుడిచారు, బోర్లా తిప్పారు, వీపు రాశారు. ఇంతమంది ఒక్కసారి మీద పడేసరికి పిల్ల బెదిరి గుక్కపట్టింది. "మిషను తప్పు చెబుతోందేమో," అంది ఒక కాలేజీ అమ్మాయి. ఎరుపు పోలేదు. అలా పది నిమిషాలు.

అప్పుడు సత్యవేణి చెయ్యి కూతురి మొలతాడుకి తగిలింది.

పక్క ఉయ్యాల్లోకి వంగింది. హన్విక ఏడవడం లేదు. నోరు తెరుచుకుని, పెదాలు మసకబారి, డొక్కలు ఎగరేస్తోంది. పక్కటెముకల కింద చర్మం ప్రతి ఊపిరికీ లోపలికి పోతోంది.

"ఇదీ," అంది సత్యవేణి. "ఇది, ఇది."

వరహాలమ్మ పిల్లని లాక్కుని చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదకి నడిచి, వస్తున్న ఆటోకి అడ్డంగా నిలబడింది.

హన్వికకి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఆసుపత్రిలో ముక్కుకి గొట్టం పెట్టి ఆక్సిజన్ ఎక్కించారు. సాయంత్రానికి డాక్టరమ్మ బయటికొచ్చి గండం గడిచిందని, ఇంకొంచెం ఆలస్యమై ఉంటే తను ఈ మాట చెప్పలేకపోయేదాన్నని అంది. నాగదుర్గ ఫ్యాక్టరీ టోపీ తలమీద అలాగే ఉండగా గోడకి జారబడి కూర్చుంది.

ఆసుపత్రికి వచ్చిన విజయభారతిగారికి, నాగదుర్గకి వినపడకుండా వసారా చివర, సత్యవేణి జరిగింది చెప్పింది. తలంట్ల దగ్గర్నుంచి తొంభై నాలుగు దాకా. ఏదీ దాచలేదు. వరహాలమ్మ పక్కనే ఉంది.

"నన్ను తీసెయ్యండి మేడమ్‌గారూ."

"తీసేస్తే నీకు తేలిక," అంది విజయభారతిగారు. "పిల్ల కోలుకుని వచ్చాక నాగదుర్గకి నువ్వే చెప్పాలి, అప్పటిదాకా నీ పని చూసుకో. నేను చెప్పను. తరవాత నిన్ను ఉంచాలో వద్దో ఆ అమ్మాయే చెబుతుంది."

ఆవిడ వెళ్ళాక వరహాలమ్మ తన మట్టికాళ్ళు చూసుకుంటూ కూర్చుంది. సత్యవేణి తిట్ల కోసం కాచుకుంది.

"నా సర్వీసులో ఒక్కరోజు కూడా టిక్కెట్టు తప్పలేదే," అంది ఆవిడ చివరికి. "ఒకే ఒక్కసారి తప్పేను. మావాడిని మొదటిసారి బస్సెక్కించిన రోజు. మూడేళ్ళాడు. తలకాయ కిటికీలోంచి బయట పెడతాడేమో, పడిపోతాడేమో అని వాడినే చూత్తా, సగం బస్సుకి టిక్కెట్టు కొట్టలేదు. చెకింగ్ వాళ్ళు పట్టుకున్నారు. పరాయి పిల్లలు ఎందరెక్కితే నాకేంటి, చెయ్యి వణికిందా?" కాళ్ళ మట్టి దులుపుకుంటూ, "నీ పిల్ల నా భుజం మీద పడుకుందంటే నాకు భయం లేదు కాబట్టి. హన్విక నీ దగ్గర పడుకున్నదీ అందుకే. ఆ తాడుకి భయం తెలుత్తదిగానీ, ఎవరిమీద భయమో తెలవదు," అంది.

సత్యవేణి ఏడ్చింది. అయినా లోపల ఆ కుళ్ళు పూర్తిగా పోలేదని ఆమెకే తెలుసు. తొంభై ఒకటి తొంభై ఒకటే.

పద్దెనిమిదిన కమిటీ కూర్చుంది. ప్రణతి కూడా వచ్చింది. ఏది కావాలని విజయభారతిగారు అడిగితే సత్యవేణి లేచి నిలబడింది.

"జతే తీసుకుందామండి. ఆ రోజు అది చెప్పబట్టే మనకి తెలిసింది. ఆలస్యం దానివల్ల కాదు, నావల్ల. కానీ ఆ అంకె కనపడకూడదండి."

"అంకె లేకపోతే జత పని చెయ్యదండి," అంది ప్రణతి.

"లోపల ఉండనివ్వండి. ఎవరికి ఏ బిడ్డో చెబితే చాలు. ఎందుకో చెప్పొద్దు."

"వాలంటీర్లకి కనపడకుండా చేస్తాను. నడిపేది మీరు కాబట్టి మీకు మాత్రం..."

"నాకు ముందు తీసెయ్యండి," అంది సత్యవేణి.

ప్రణతి ఆమె వంక చూసింది. చాలా కష్టపడి కట్టుకున్న ఇంటికి కిటికీలు మూయమన్నట్టు చూసింది. తరవాత ల్యాప్‌టాప్ తెరిచి, ఏదో నొక్కింది. వరండాలో తెరమీద పేర్లు మిగిలాయి, వాటి పక్కన అంకెలు లేవు.

వారం తరవాత నాగదుర్గ బిడ్డతో తిరిగొచ్చింది. పొద్దున్న ఇంకా ఏడు కాలేదు, అందరికన్నా ముందొచ్చింది. "ఇయ్యాల్టి నుంచి డ్యూటీకి వెళ్ళాలక్కా. ఇంక సెలవివ్వరంట," అంది.

సత్యవేణి ఆమెని బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఎదురుగా తను నిలబడింది. "దుర్గా, నీ కూతురి తాడు నా కూతురికి, నా కూతురిది నీ కూతురికి కట్టింది నేనే. అందుకే ఆ రోజు ఆలస్యమైంది."

నాగదుర్గ అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక బిడ్డని రెండు చేతులతో గుండెకి అదిమి పట్టుకుంది. "ఎందుకక్కా?"

"నా పిల్ల వేరేవాళ్ళ దగ్గర హాయిగా పడుకుంటోందని. చూడలేక."

ఫ్యాక్టరీ మొదటి సైరన్ మోగింది. నాగదుర్గ కదల్లేదు. కొడుతుందనుకుంది సత్యవేణి. కొట్టినా బాగుండుననుకుంది. నాగదుర్గ తెర వంక చూసింది, దాంట్లో పేర్లు తప్ప ఏమీ లేదు. బిడ్డ వంక చూసింది. బిడ్డ సత్యవేణిని చూసి చెయ్యి చాపుతోంది.

"మరి నా పిల్ల?" అంది నాగదుర్గ మెల్లగా. ఆ మొహంలో కోపం కన్నా ముందు ఇంకేదో వచ్చి కూర్చుంది. అదేమిటో సత్యవేణికి బాగా తెలుసు, మూడు వారాలుగా అద్దంలో చూస్తున్నదే. "నేను లేనప్పుడు నా పిల్ల ఎవరి దగ్గర హాయిగా పడుకుంటదక్కా?"

తొంభై నాలుగు అన్న మాట సత్యవేణి నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్కసారి, ఎవరికైనా చెప్పుకోవాలనిపించే అంకె.

బిడ్డ చాపిన ఆ చిన్న చేతిని సత్యవేణి అందుకోలేదు. తన చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఎవరి దగ్గరా పడుకోదు దుర్గా," అంది. "నీకోసం ఒకటే ఏడుపు."

నాగదుర్గ చాలాసేపు ఆమె కళ్ళలోకి చూసింది. రెండో సైరన్ మోగింది. అప్పుడు బిడ్డ నుదుటి మీద ముద్దు పెట్టుకుని, సత్యవేణికి ఇవ్వకుండా, ఆమెని దాటి లోపలికి వెళ్ళి వరహాలమ్మ చేతుల్లో పెట్టింది. రబ్బరు బూట్లు తొడుక్కుంటూ, వెనక్కి తిరగకుండానే, "నేనొచ్చేదాకా ఏడవనియ్యకు పిన్నీ," అంది.

"ఏడవకుండా ఎలా ఉంటదే," అంది వరహాలమ్మ, ఎడమ కాలి మీంచి కుడి కాలి మీదకి ఊగుతూ.